తణుకు బంకు నుంచి తణుకు బంకు దాకా

నిన్న ఇంటి పన్ను కాగితాల కోసం బీరువా వెతుకుతుంటే ఒక ప్లాస్టిక్ కవరు చేతికి తగిలింది. అందులో పెట్రోలు బంకు రసీదులు పన్నెండు, పిన్ను కొట్టి ఉన్నాయి. మూడేళ్ళ కిందట మా ఆవిడ ఒక్క రోజులో పదహారు వందల పైచిలుకు కిలోమీటర్లు మోటారు సైకిలు నడిపినప్పటివి. ఎక్కడ ఎన్ని గంటలకు పెట్రోలు పోయించుకుందో వాటి మీద అచ్చయి ఉండేది. ఇప్పుడు అన్నీ తెల్లకాగితాలు. ఆ యంత్రాల్లో సిరా ఉండదట, వేడితో అచ్చవుతాయట, కొన్నాళ్ళకు వాటంతట అవే చెరిగిపోతాయట. వెలుతురుకు పెట్టి చూశాను, కళ్ళజోడు తుడుచుకుని చూశాను, ఒక్క అంకె కనబడలేదు. నాకు మాత్రం అన్నీ గుర్తున్నాయి. నిడదవోలు స్టేషనులో ముప్ఫై మూడేళ్ళు టిక్కెట్లు కొట్టినవాణ్ణి, బళ్ళ వేళలు మర్చిపోవడం నాకు చేతకాదు. అందుకే ఇవాళ కూర్చుని రాస్తున్నాను.

మాది లూథరన్ సంఘానికి చెందిన కుటుంబం. మా మావగారు సువార్తికుడు. కోనసీమలో కాలవ గట్ల వెంట ఊరూరా తిరిగి వాక్యం చెప్పడానికి ఆయనకు ఒక పాత మోటారు సైకిలు ఉండేది. ఆయనకు చూపు మందగించాక పదహారేళ్ళ కూతురు ముందు కూర్చుని నడిపితే, ఆయన వెనక బైబిలు సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారట. ఇరుకు గట్టు మీద ఎదురుగా ఎడ్లబండి వస్తే ఎటు తప్పుకోవాలో నేర్చుకున్నదానికి జాతీయ రహదారి ఒక లెక్కా అంటుంది మా ఆవిడ. తరవాత ఆవిడకు డ్రిల్లు టీచరు ఉద్యోగం వచ్చింది, నేనూ వచ్చాను. నాకు సైకిలు తప్ప ఏదీ నడపడం రాదు. నేర్పుతానని రెండుసార్లు ప్రయత్నించి, రెండోసారి నేను బండిని ఎవరిదో కోళ్ళ గంప మీదకు ఎక్కించాక ఆశ వదులుకుంది. దాంతో మా కాపురమంతా ఆవిడ నడపడం, నేను వెనక కూర్చోవడం. చర్చికైనా అంతే, చేపల మార్కెట్టుకైనా అంతే. తునిలో ఉండే మా అక్కయ్యకు ఇది ఎన్నడూ మింగుడు పడలేదు. మగవాడు వెనక కూర్చోవడమేంటని మా పెళ్ళయిన కొత్తలో అంది, పాతికేళ్ళ తరవాతా అంటూనే ఉంది. మా ఆవిడ వినయంగా తల ఊపి, మర్నాడు నన్ను బండి మీదే స్టేషనులో దింపేది.

ఒక ఏడాది ఆవిడకు పొద్దున్న లేవగానే వేళ్ళు ముడుచుకుపోవడం మొదలైంది. కాసేపు వేణ్ణీళ్ళలో పెడితే గాని విచ్చుకునేవి కావు. స్కూల్లో విజిలు పట్టుకోవడం కూడా కష్టమైంది. రాజమండ్రిలో డాక్టరుగారికి చూపిస్తే కీళ్ళవాతమని తేల్చారు. మందులు వాడితే అదుపులో ఉంటుందనీ, క్లచ్చు నొక్కే బండి మాత్రం ఎంత తొందరగా మానేస్తే అంత మంచిదనీ చెప్పారు. ఈ సంగతి మేమిద్దరం ఎవరికీ చెప్పలేదు. జాలి పడేవాళ్ళంటే ఆవిడకు మొదటి నుంచీ చిరాకు. ఆ రోజు తిరిగి వస్తూ కొవ్వూరు వంతెన దాటాం. దాటాక బండి పక్కకు ఆపి, నా వైపు తిరక్కుండానే అంది.

"వచ్చే చలికాలానికి ఈ వేళ్ళు నా మాట వింటాయో లేదోనండి. ఈసారి వెళ్ళొచ్చేస్తాను."

ఎక్కడికని నేను అడగనక్కర్లేదు. ఇరవై నాలుగు గంటల్లో వెయ్యి మైళ్ళు నడిపే ప్రయాణం ఒకటుందని, చేసినవాళ్ళ పేర్లు ఒక పట్టికలో రాస్తారని ఎనిమిదేళ్ళుగా ఫోనులో చదివి నాకు వినిపిస్తూనే ఉంది. పిల్లల పరీక్షలు, మా అమ్మ జబ్బు, నా రిటైర్మెంటు, ఏదో ఒకటి అడ్డం వచ్చి ఏటికేడాది వాయిదా పడింది. ఇప్పుడింక వాయిదా వెయ్యడానికి వీల్లేదు, మిగిలింది ఒక్క చలికాలం. డాక్టరుగారు సణుక్కుంటూనే, ఒక్క రోజుకైతే కాదనననీ, ఆ తరవాత ఆవిడ బండి మీద కనబడితే మందు రాయననీ అన్నారు. నేను కాగితం, స్కేలు తీసుకుని టైము టేబులు వేశాను. సాయంత్రం అయిదింటికి తణుకులో బయలుదేరాలి. మద్రాసు పొలిమేర దాకా వెళ్ళి తిరిగి తణుకు, అక్కడ ఆగకుండా విశాఖపట్నం, మళ్ళీ మర్నాడు సాయంత్రం అయిదు లోపల తణుకు. రుజువుకు బంకు రసీదులు ఉండాలి. మొదటి రసీదుకూ చివరి రసీదుకూ ఇద్దరేసి సాక్షులు సంతకం పెట్టాలి. భర్త సాక్ష్యం చెల్లదట. నేను కాస్త నొచ్చుకున్నాను.

ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే, ఎవరికీ చెప్పకూడదు. చెబితే ఏమవుతుందో మా జిల్లాల వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. మనిషి తమ ఊరి మీదుగా పోతోందని తెలిస్తే చాలు, రోడ్డు మీద ఆపి విస్తరి వేస్తారు. వద్దంటే ఏడాదిపాటు అలుగుతారు. సరేనని మాటిచ్చాను. తీరా బయలుదేరే రోజు మధ్యాహ్నం నాకు భయం పట్టుకుంది. మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఎవరికీ చెప్పకూడని సంగతిని మేము ఎవరికీ చెప్పం, ప్రార్థనలో పెట్టమంటాం. అది చెప్పడం కిందికి వస్తుందని మాకు తోచదు. అక్కయ్యకు ఫోను చేసి ప్రయాణం సంగతీ వేళలూ మాత్రం చెప్పి, పేరు బయట పెట్టకుండా ప్రార్థన చెయ్యమన్నాను. అక్కయ్య మాట తప్పే మనిషి కాదు. తమ స్త్రీల సమాజం గ్రూపులో "ఒక సహోదరి మోటారు సైకిలు మీద తణుకు నుండి మద్రాసునకు, అక్కడి నుండి విశాఖపట్నమునకు ప్రయాణమగుచున్నది, దేవుని కాపుదల కొరకు ప్రార్థించండి" అని మాత్రమే పెట్టింది. అలాంటి సహోదరి ఈ చుట్టుపక్కల ఒక్కతే ఉందన్న సంగతి ఆవిడకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. మర్నాడు తెల్లారేసరికి ఆ మనవి, అక్కయ్యను అడిగి తెలుసుకున్న వేళలతో సహా, ఒక సంఘం నుంచి ఇంకో సంఘానికి, హైవే పొడుగునా పాకిపోయింది.

మా ఆవిడ సరిగ్గా అయిదింటికి బయలుదేరింది. బంకు మేనేజరూ, వాళ్ళ స్కూలు హెడ్‌మిస్ట్రెస్సుగారూ సంతకాలు పెట్టారు. రాత్రి గడవడం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ప్రతి బంకు దగ్గరా ఆవిడ ఫోనులో ఊరి పేరు ఒక్కటే రాసి పంపేది, నేను టైము టేబుల్లో టిక్కు పెట్టేవాణ్ణి. ఒంగోలు, నెల్లూరు, గూడూరు, మద్రాసు పొలిమేర, మళ్ళీ నెల్లూరు. నా ఉద్యోగ జీవితంలో అంత ఖచ్చితంగా నడిచిన బండిని చూడలేదు. తెల్లారి విజయవాడ కూడా వేళకే దాటింది. ఆ తరవాత ఏలూరు నుంచి కబురు లేదు.

ఏలూరు బైపాసులో మా చిన్నాన్న కొడుకు ఇడ్లీల క్యారియరుతో రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడట. తాడేపల్లిగూడెం దగ్గర ఎనిమిది మంది ఆడవాళ్ళు ఫ్లాస్కుతో, పూతరేకుల పెట్టెతో కాచుకుని ఉన్నారట. ముందు ఒక పాట పాడి, తరవాత ప్రార్థన మొదలుపెట్టారు. కళ్ళు మూసుకుని తన కోసం ప్రార్థిస్తున్నవాళ్ళను వదిలి బండి స్టార్టు చెయ్యడం సువార్తికుడి కూతురికి చేతకాలేదు. ఒకరి తరవాత ఒకరు ముగ్గురు ప్రార్థించారట. తణుకు బంకులోకి వచ్చేసరికి తొమ్మిదీ నలభై. యాభై నిమిషాల ఆలస్యం. హెల్మెట్టు అద్దం పైకెత్తింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎవరికి చెప్పారండి?"

చెప్పాను. ప్రార్థన కోసమేనని కూడా చెప్పాను.

"ప్రార్థన కోరారా, విందుకు పిలిచారా? ఆ యాభై నిమిషాలు ఇప్పుడు నేనెక్కణ్ణుంచి తేనండి?"

కోపంగా అనలేదు. కోప్పడినా బాగుండేది. ఎనిమిదేళ్ళు ఎదురుచూసిన మనిషికి ఉన్న ఒకే ఒక్క అవకాశాన్ని నా పిరికితనంతో పాడుచేశానని సిగ్గుతో చచ్చిపోయాను. పెట్రోలు పోయించుకుని, ముందున్న వాళ్ళందరికీ ఫోను చేసి రోడ్డు మీదకు రావద్దని చెప్పమని వెళ్ళిపోయింది. అక్కడే బంకు అరుగు మీద కూర్చుని అందరికీ చేశాను. రావులపాలెంలో అరటి గెల కోయించి సిద్ధంగా ఉన్న మా ఆవిడ మేనమామగారు, తాను పెట్టబోయేది ఒక్క పండేనని వాదించారు. రాజమండ్రిలో, కత్తిపూడిలో కూడా అందరూ నొచ్చుకున్నారు, అందరూ చివరికి ఒప్పుకున్నారు. ఒక్క అక్కయ్య మాత్రం ఫోను ఎత్తలేదు. ఆవిడ అప్పటికే గొడుగు వేసుకుని తుని దగ్గర హైవే పక్కన నిలబడి ఉంది, ఫోను ఇంట్లో వదిలేసి.

అక్కడ జరిగింది తరవాత ఇద్దరూ విడివిడిగా చెప్పారు. ఇద్దరూ చెప్పింది ఒక్కటే కాబట్టి నిజమే అయ్యుండాలి. ఎవరు చెయ్యెత్తినా ఆగకూడదనుకున్న మా ఆవిడకు, అరవై నాలుగేళ్ళ మనిషి ఎండలో నాలుగు గిన్నెల క్యారియరు పట్టుకుని నిలబడి ఉంటే దాటిపోవడానికి మనసొప్పలేదు. ఆపి, టైము లేదు వదినా అంది. దిగొద్దు, నోరు తెరువు అంది అక్కయ్య. గిన్నెల్లో రొయ్యల ఇగురు దగ్గర నుంచి అన్నీ ఉన్నాయి. అవేవీ తియ్యకుండా, తింటే నిద్రొస్తుందని అడుగు గిన్నెలో పెరుగన్నం మాత్రం తీసి ముద్దలు కలిపి నోట్లో పెట్టింది. మూడో ముద్దకో నాలుగో ముద్దకో మా ఆవిడ నీళ్ళ సీసా అందుకోబోయింది. హ్యాండిలు మీద నుంచి తీసిన ఎడమ చెయ్యి అలాగే ముడుచుకుని ఉండిపోయింది, సీసా పట్టుకోలేకపోయింది. అక్కయ్య ఆ చెయ్యి చూసింది. మా అమ్మ ఆఖరి పదేళ్ళూ అలాంటి వేళ్ళతోనే బతికింది. అమ్మకు జడ వేసిందీ, అన్నం తినిపించిందీ అక్కయ్యే.

"ఎన్నాళ్ళయిందమ్మా?" అని అడిగిందట.

ఏడాదిన్నర అని మా ఆవిడ చెప్పింది. అక్కయ్యే నీళ్ళు తాగించి, చీర కొంగుతో మూతి తుడిచి, హెల్మెట్టు అద్దం కిందికి దించింది. తిరిగొచ్చేటప్పుడు ఆగొద్దు, నేనిక్కడే ఉంటాను అంది. అన్నట్టుగానే ఉంది. పక్కన టీ కొట్టులో ఒక బల్ల అడిగి తెచ్చుకుని, రోడ్డుకు అవతలి వైపు మూడు గంటలు కూర్చుంది. మూడు కావస్తుండగా టీ కొట్టతని ఫోనులోంచి నాకు చేసింది.

"ఇప్పుడే దాటింది రా. నేను చెయ్యి ఊపాను, తను తల ఊపింది." ముక్కు చీదుకోవడం వినబడింది. "దాని వెనక కూర్చుంటున్నావని ఇన్నాళ్ళూ నిన్ను ఏదో ఒకటి అన్నాను. కూర్చోనిచ్చింది, అదే గొప్ప."

ఆ తరవాత రెండు గంటలు నేను బంకులో నిలబడిన చోట నిలబడలేదు. హెడ్‌మిస్ట్రెస్సుగారు నన్ను చూసి తనకు తల తిరుగుతోందని కుర్చీలో కూర్చున్నారు. నాలుగూ ముప్పావు దాటింది. అప్పుడు మా ఆవిడ లోపలికి వచ్చింది. పెట్రోలు పోశారు, నాలుగూ నలభై తొమ్మిదికి రసీదు వచ్చింది, దాని మీద వేళ సరిగ్గా ఉందో లేదో ముగ్గురం తలలు దూర్చి చూశాం. సాక్షులిద్దరూ సంతకాలు పెట్టారు. పదకొండు నిమిషాలు మిగిలాయి. బంకులో పనివాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఆవిడ మాత్రం బండి దిగలేదు. అలసట అనుకున్నాను. దగ్గరికి వెళితే, వినబడీ వినబడకుండా "ఇవి రావడం లేదండి, మీరు తియ్యండి" అంది. ఎడమ చేతి వేళ్ళు క్లచ్చు పట్టుకునే బిగుసుకుపోయాయి. చిటికెన వేలితో మొదలుపెట్టి ఒక్కొక్కటే విప్పాను. మెల్లిగా తియ్యకపోతే నొప్పి. బొటనవేలు వచ్చాక, అది ఆవిడ ఆఖరిసారి క్లచ్చు వదలడమని నాకు అర్థమైంది. ఆవిడకు నాకన్నా ముందే తెలుసు. నేను అందరి ముందూ ఏడ్చేశాను. ఆవిడ ఏడవలేదు, నవ్వుతోంది. ఆ చెయ్యి నా రెండు చేతుల్లో పెట్టుకుని వేడెక్కేదాకా రుద్దుతూ నిలబడ్డాను. వెనక వచ్చిన కారువాళ్ళు కూడా హారను కొట్టకుండా పక్కనుంచి తప్పుకుని పోయారు. ఇరవై నాలుగు గంటలూ నిమిషం పోకుండా చూసుకున్న మేము, ఆ తరవాత అక్కడ ఎంతసేపు అలా ఉండిపోయామో మాత్రం చూసుకోలేదు.