దగ్గమన్నప్పుడల్లా దగ్గిన తాత

మా దీవిలో వైద్యం నేర్పే కాలేజీ లేదు. దొరల బిడ్డలు ఓడెక్కి సముద్రాలు దాటి డాక్టర్లై దిగేవారు. చెరకుతోట కూలీల బిడ్డలం మేం మహా అయితే డ్రెస్సర్లం కావచ్చు. డ్రెస్సరంటే పుండు కడిగి కట్టు కట్టేవాడు, డాక్టరు చెయ్యి చాపితే కత్తి అందించేవాడు, ఆ కత్తి తప్పు చోట దిగితే తిట్లు తినేవాడు. ఇంత గొప్ప పదవికి మాకు పెట్టిన పరీక్ష చూస్తే సాక్షాత్తూ ధన్వంతరి కూడా దరఖాస్తు వెనక్కి తీసుకునేవాడు.

అందులో సర్జరీ వార్డు పరీక్ష మరీ ఘోరం. పుస్తకం ఇంగ్లీషులో ఉండేది, పెద్ద డాక్టరు దాన్ని ఫ్రెంచి యాసలో అడిగేవాడు, రోగులు తెలుగులోనో భోజ్‌పురిలోనో మూలిగేవారు, మేం దీవి జనం మాట్లాడుకునే క్రియోల్‌లో భయపడేవాళ్ళం. ఆ పుస్తకం బరువు గురించి చెబితే నమ్మరు. రివియేర్ దు రాంపార్ నుంచి దాన్ని రైల్లో తెస్తుంటే ఎత్తు వచ్చినచోట ఇంజను ఆగి ఊపిరి తీసుకుంది. నా గదిలో దించాక ఇల్లు ఆ మూలకి ఒరిగింది, ఇప్పటికీ అలాగే ఉంది.

పుస్తకం ఎంత లావైతేనేం, మా అందరి ఆశలూ ఒక ముసలాయన గజ్జలో ఉండేవి.

ఆయనది లాల్మతీ ఊరు. జీవితమంతా చెరకు మోపులు మోసి మోసి పేగు గజ్జలోకి జారింది. నిలబడితే ముద్ద బయటికొచ్చేది, పడుకుంటే లోపలికి పోయేది. డాక్టర్లు దాన్ని హెర్నియా అంటారు. ఆయన "నా బుడ్డ" అనేవాడు, పెంపుడు కోడిపెట్ట గురించి చెప్పినంత చనువుగా. నా కంటికది పీటర్ బోత్ కొండంత కనిపించేది, శిఖరం మీది బండరాయితో సహా.

కోయించుకుని ఇంటికి పోదామని వచ్చిన మనిషి. పెద్ద డాక్టరు చూశాడు, మురిసిపోయాడు. పుస్తకంలో బొమ్మ కూడా ఇంత శుభ్రంగా లేదన్నాడు. పరీక్ష అయ్యేదాకా కొయ్యొద్దు, మా కుర్రాళ్ళు దీనిమీద నేర్చుకోవాలని ఆజ్ఞ వేశాడు. తాత అడిగినప్పుడల్లా "వచ్చే వారం" అనేవారు. ఆ వారాలు మా రేవులో ఆగని ఓడల్లా పొగ చూపించి పోయేవి.

హెర్నియాని పట్టుకోవాలంటే ముద్దమీద చెయ్యి పెట్టి రోగిని దగ్గమనాలి. అందుకని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ మంచం చుట్టూ మాదే సంత. "దగ్గు తాతా." ఖళ్ళుమనేవాడు. "ఇంకొక్కసారి." ఖళ్ళు. కొత్తగా చేరిన రోగులు ఆయనకు క్షయ అనుకుని మంచాలు దూరంగా జరుపుకునేవారు. ఆ దగ్గుకి కిటికీ అద్దాలు వణికేవి, వీధిలో గుర్రాలు బెదిరేవి, పక్కనున్న రెయునియన్ దీవిలో జనం పిడుగు పడిందని తలుపులేసుకునేవారట.

"ఏటి బాబూ, నిన్న నొక్కినోడివి నువ్వేనా? నీ సేతులు మంచుగడ్డలు. రుద్దుకునొచ్చి నొక్కు."

"పరీక్ష దగ్గరపడింది తాతా. భయానికి రక్తం ఆడట్లేదు."

"నీకు రకతం ఆడకపోతే నా బుడ్డమీద ఎచ్చబెట్టుకుంతావేటి?"

ఒకరోజు అడిగాను, కోసేశాక ఏం చేస్తావని.

"రామబజనకి పోతాను. గొంతెత్తితే సాలు, పాటకంటే ముందు బుడ్డ దిగిపోతంది. పోయినసారి సగంలో ఆపేసినాను."

"కూర్చుని తాళం వెయ్యొచ్చుగా?"

"తాళమా? అది పాట రానోల్లకి ఇచ్చే పని!" అని కోపంతో అటు తిరిగి పడుకున్నాడు. ఆ పూట దగ్గనంటే దగ్గలేదు.

రాన్రానూ ముద్ద లోపలికి పోవడానికి మొరాయించేది. మేం నెడుతుంటే తాత పెదవి కొరుక్కునేవాడు. మేం మాత్రం ఆ పెదవిని కూడా లక్షణాల్లో రాసుకునేవాళ్ళం.

పరీక్షనాడు నాకు తాత మంచమే పడింది. తోటివాళ్ళు నన్ను పొడిచేసేలా చూశారు. పెద్ద డాక్టరు, పక్కన ఇంకో దొర నిలబడ్డారు. నేను చెయ్యి పెట్టాను. తాత నా పరువు కోసం ఎలా దగ్గాడంటే రెండో దొర కళ్ళజోడు ఊడి ఛాతీమీద వేలాడింది.

"చికిత్స?" అన్నాడు పెద్ద డాక్టరు.

"ఆపరేషనండీ. నొప్పి పెరుగుతోంది, ముద్ద సరిగ్గా వెనక్కి పోవడం లేదు. ఆలస్యమైతే పేగు నొక్కుకుపోయి ప్రాణం మీదికొస్తుంది. ఒక్కరోజు కూడా ఆగకూడదు."

"బోన్!" అన్నాడాయన, ఫ్రెంచిలో బాగుందని. మార్కులు వేసి పక్క మంచానికి వెళ్ళిపోయాడు.

తాత నా కోటు పట్టుకు లాగాడు. "ఏటన్నావు? ఏటన్నాడు?"

"కొయ్యాలన్నాను. ఒక్కరోజు కూడా ఆగకూడదన్నాను. బోన్ అన్నాడు."

"బోన్ అన్నాడా!"

తోటలో దొర నోట బోన్ వచ్చిందంటే ఇక ఆ మాటకి తిరుగులేదు. తాతకి తెలిసిన లోకం అది. కోయబోయేవాళ్ళకి తిండి పెట్టరని వార్డులో చూసి ఉన్నాడు కదా, ఆ సాయంత్రం తన అన్నం పళ్ళెం పక్క మంచానికిచ్చేశాడు. మర్నాడు పొద్దున్నే ఒళ్ళు కడుక్కుని, ఎవరూ అడక్కుండానే గజ్జలు గొరిగించుకుని, తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడట. మధ్యాహ్నం అన్నం కూడా వద్దన్నాడట.

నేను పాసయ్యానని కబురు తెలిసి, పాసైనవాళ్ళకిచ్చే తెల్ల ఏప్రను తీసుకోవడానికి వెళితే ఆస్పత్రి నౌకరు ఈ సంగతి చెప్పాడు. పెద్ద డాక్టరు గదికి పరిగెత్తాను.

"అయ్యా, ఆ ముసలాయన నిన్నట్నుంచి ఏమీ తినలేదు. ఈ రోజే కోస్తారనుకుంటున్నాడు."

"ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పానండీ. పరీక్షలో."

నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు, అదే నా బాధ. "అది సరైన జవాబు. అందుకేగా మార్కులు వేశాను?"

"సరైనదైతే మరి..."

"ఆయన్ని కోసేస్తే వచ్చే ఏటి కుర్రాళ్ళకి ఏం చూపించను? ఇలాంటి ముద్ద మళ్ళీ దొరుకుతుందా? వెళ్ళి అన్నం తినమను."

గోరంతను కొండంత చేసే నా నోరు ఆ గదిలో ఒక్క మాట పెంచలేకపోయింది. డ్రెస్సరుగా నా మొదటి డ్యూటీ అన్నం పళ్ళెం మోయడం. ఏప్రను మడిచి చంకలో దాచుకుని వెళ్ళాను.

తాత పళ్ళెం వైపు చూశాడు. నా మొహం వైపు చూశాడు.

"కొయ్యరా?"

"ఇవాళ కాదు తాతా."

ఆయన లెక్క చాలా సులువు: కుర్రాడు ఒప్పు చెప్పి ఉంటే ఈపాటికి కోసేవారు.

"నువ్వు తప్పు సెప్పేసినావా బాబూ?"

ఏప్రను చంకలోంచి జారకుండా బిగించాను. "అవును తాతా. తప్పు చెప్పాను. పరీక్ష పోయింది."

"అయ్యయ్యో" అన్నాడు. చెయ్యి నా తలమీద పెట్టాడు. "బెంగెట్టుకోకు. మల్లీ సదువుకో. నానెక్కడికీ పోను గదా, ఈడే ఉంతాను."

రెండు ముద్దలు తిని పళ్ళెం పక్కన పెట్టాడు. తర్వాత పంచె సడలించి, నా చేతులు రుద్దుకోమని సైగ చేసి, అడక్కుండానే దగ్గాడు.