ఖాళీ కుర్చీని ఊపనివాడు

సముద్రాల అవతల బటాంగ్ బెర్జుంటై రబ్బరు తోటలో వడ్రంగి పైడయ్య మేకులు పెదవుల మధ్య పట్టుకునే మాట్లాడేవాడు. ఉయ్యాలైనా కుర్చీ అయినా ఖాళీగా ఊపడం అరిష్టమని ఆయన నమ్మకం. అందుకే బాగుచేశాక పనిముట్ల సంచి అందులో పెట్టి ఊపి చూసేవాడు. తోట దొర వెళ్తూ మొగుడికి ఇచ్చిన ఊగుడు కుర్చీని, అతను పోయాక పైడయ్యకు అక్క వరసయ్యే కూర్మమ్మ ముట్టలేదు. చెద పట్టడంతో కట్టెలకు కొట్టమని పైడయ్యను పిలిచింది. ఆయన కొట్టలేదు. కుర్చీ కింద చెదతిన్న వంపుకర్ర తీసి కొత్తది బిగించాడు.

"కొట్టమంటే ఇదేటి సేసినావు?"

"కూకో అప్పా, బరువు సూడాల. తరవాత కొడతాను."

"నీ సంచి ఎట్టుకో."

"సంచి సాలదు."

"నానంత బరువేటి?" అని గొణుగుతూనే కూర్చుంది. కుర్చీ మెల్లగా ఊగింది. మొగుడు చేతులాన్చిన చోటే ఆమె చేతులు ఆగాయి.

"అయిందేటి?" అంది, కళ్లు తెరవకుండా.

కుర్చీ ఎప్పుడో కుదిరింది. "ఇంకా సూత్తన్నానప్పా" అని పైడయ్య గుమ్మం వైపు తిరిగి చుట్ట ముట్టించుకున్నాడు.