మిషన్ను రెండు చేసే ముందు

మా ఇంటి కింద దుకాణంలో నిన్న పొద్దున ఫ్రిజ్ తలుపు తీసేసరికి లోపల పాల పాకెట్ ఒకటి పగిలి ఉంది. చల్లగాలితో పాటు విరిగిన పాల పులుపు వాసన ముఖానికి కొట్టింది. ఆ చలీ ఆ వాసనా కలిస్తే నాకు ఒకే చోటు గుర్తుకొస్తుంది. తొంభైల చివర్లో ఆత్మకూరులో నేను పనిచేసిన డెయిరీలోని కంప్యూటర్ గది. గోడకవతల పాలు చల్లబరిచే ట్యాంకులు, ఇవతల ఏసీ కింద, పాల లెక్కలన్నీ ఉంచే, మేమంతా మిషన్ అని పిలిచే యూనిక్స్ సర్వర్ కంప్యూటర్, దాని ముందు మా పై అధికారి ప్రభుదాసు గారు.

అంత అనుమానపు మనిషిని నేను మళ్లీ చూడలేదు. తాళం వేశాక మూడడుగులు నడిచి, వెనక్కి వచ్చి లాగి చూసేవారు. చర్చిలో ప్రార్థన చేసేటప్పుడు కూడా ఒక కన్ను తెరిచే ఉంచుతారని ఆఫీసులో నవ్వుకునేవాళ్లు. నేను ఉద్యోగంలో చేరిన రోజున నాకు సర్వర్ పాస్‌వర్డ్‌లో సగమే ఇచ్చారు. మిగతా సగం ఆయన దగ్గర. మిషన్లో పెద్ద మార్పు ఏది చేయాలన్నా మొదటి సగం ఆయన కొట్టి పక్కకు జరిగితే, రెండో సగం నేను కొట్టాలి. ఒకరు కొడుతున్నంతసేపూ ఇంకొకరు వేళ్లు చూడకుండా కిటికీ వైపు తిరిగేవాళ్లం.

ఆయన సొంతూరు ఉదయగిరి. అందుకే ఆత్మకూరు ఆఫీసులో ఆయన పరాయివాడు, ఉదయగిరిలోనేమో ఆత్మకూరు వాళ్లతో కలిసిపోయినవాడు. ఉదయగిరి కేంద్రంలో రైతుల పాలలో వెన్న శాతం, అంటే ఫ్యాట్, ఎంతుందో పరీక్షించి, ఆ అంకెలను ఫోన్ లైను మీద మా సర్వర్‌కు పంపేవారు. ఆ ఫ్యాట్‌ను బట్టే పాలకు డబ్బు కట్టి, మేము చీటీలు ముద్రించి తిరిగి పంపేవాళ్లం. ఉన్నట్టుండి అక్కడి రైతులు గొడవకు దిగారు. కేంద్రంలో చెప్పే ఫ్యాట్ ఒకటి, చీటీలో వచ్చే ఫ్యాట్ ఒకటి. ఎక్కువ వచ్చినవాళ్లు నోరు మెదపలేదు. తక్కువ వచ్చినవాళ్లే రోడ్డెక్కారు. ఆత్మకూరు వాళ్లు మా వెన్న కోసి తమ ఊళ్లకు రాసుకుంటున్నారని వాళ్ల మాట. పాలు పరీక్షించే మస్తానయ్య నోటితో ఒకటి చెప్పి మిషన్‌కు ఇంకొకటి పంపుతున్నాడని మా ఆఫీసువాళ్ల మాట. యాజమాన్యం మస్తానయ్యను పనిలోంచి ఆపేసింది. సర్వర్‌ను రెండుగా విడదీసే సాఫ్ట్‌వేర్ తెప్పించి, ఒకే పెట్టెలో ఆత్మకూరుది ఒక భాగం, ఉదయగిరిది ఒక భాగం చేయమంది. ఒకరి అంకెలు ఒకరికి అందకుండా చేస్తే పీడ పోతుందని వాళ్ల ఆలోచన.

ఆ వారమంతా ఆఫీసులో ఎవరూ ఎవరితో మనసిచ్చి మాట్లాడలేదు. మాది ఆత్మకూరు పక్కనే ఉన్న అనంతసాగరం. మా మేనమామ ఆత్మకూరు కేంద్రానికే పాలు పోసేవాడు. ఒకరోజు ప్రభుదాసు గారు స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా, "మీ మామకు ఈ మధ్య ఫ్యాట్ ఎంతొస్తా ఉండాదమ్మా?" అని అడిగారు. నాకు ఒళ్లు మండింది.

"నన్ను అనుమానిస్తా ఉండారా సార్?"

"ఉండాను. నిన్నూ, నన్నూ. ఈ మిషన్లో చెయ్యి పెట్టగలిగేది మనిద్దరమే గదా."

"మీరు చెయ్యలేదని మీకు తెలుసు గదా."

"చెయ్యలేదని అనుకుంటా ఉండాను. చూసింది లేదు."

ఆ జవాబుకు నా కోపం తగ్గలేదు.

మద్రాసు నుంచి సెల్వం అనే ఇంజనీరు ఆ సాఫ్ట్‌వేర్ సీడీ తీసుకుని వచ్చాడు. నెమ్మదస్తుడు, తమిళ యాసతో తెలుగు మాట్లాడేవాడు. డిస్కులో జాగా ఉందా, మెమరీ రెండు భాగాలకూ చాలుతుందా, యూనిక్స్ వెర్షన్ సరిపోతుందా అని చూసుకుని, మధ్యాహ్నానికి ఎక్కించేద్దామన్నాడు. ప్రభుదాసు గారు సీడీని ముట్టుకోనివ్వలేదు. అంకెలన్నీ నకలు తీసి దాచిన బ్యాకప్ టేపు ఉందంటే చాలదన్నారు. దాన్ని వేరే డిస్కులోకి తిరిగి ఎక్కించి, అది నిజంగా పనిచేస్తుందని కళ్లతో చూడాలన్నారు. మిషన్ తనంతట తాను నడిపే పనులన్నీ ఆపి, ఆ నకలు మీద ఒక్కోటీ నడిపి చూడాలన్నారు.

"విడదీస్తే గొడవ ఆగిపోతుంది సార్. ఇదంతా ఎందుకు?" అన్నాడు సెల్వం.

"ఆగిపోతాది. ఎందుకొచ్చిందో తెలియకనే ఆగిపోతాది. అప్పుడు మస్తానయ్య జన్మంతా దొంగగానే ఉంటాడు."

సెల్వం టేపు తీశాడు. నకలు సిద్ధమయ్యాక ఉదయగిరి నుంచి వచ్చిన అంకెలను అందులో పోశాం. రైతులు ఫిర్యాదులో రాసిచ్చిన ఫ్యాట్‌తో అవి సరిగ్గా సరిపోయాయి. అంటే మస్తానయ్య సరిగానే పంపాడు. తర్వాత పనులను ఒక్కొక్కటిగా నడిపాం. రెండు కేంద్రాల అంకెలను కలిపే ప్రోగ్రాము నడవగానే ఉదయగిరి వరసల్లో కొన్ని మారిపోయాయి. సెల్వమే ముందు పట్టుకున్నాడు. ఉదయగిరిలో కొత్తగా చేరిన రైతులకు పొడుగు నంబర్లు ఇచ్చారు. ఈ ప్రోగ్రాము పాత పొట్టి నంబర్లకే జాగా ఉంచి, కొత్త నంబర్లలో మొదటి అంకెను కత్తిరించేస్తోంది. దాంతో ఒకరి వెన్న ఇంకొకరి పేరు కిందికి పోతోంది.

ప్రోగ్రాము పై వరసలో రాసినవారి పేరుంది. ప్రభుదాసు.

సెల్వం గొంతు తగ్గించి, "రేపటి నుంచి ఈ ప్రోగ్రాముతో పనే ఉండదు సార్. ఫోన్ లైను బాగా లేక అంకెలు చెదిరాయని నేను రాసిస్తాను," అన్నాడు. మంచితనంతోనే అన్నాడు. ప్రభుదాసు గారు కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ, "ఉదయగిరి బస్సెప్పుడుందో కనుక్కోమ్మా," అన్నారు నాతో.

మేము చేరేసరికి సాయంత్రం పాలు పోసే వేళయింది. కేంద్రం ముందు క్యాన్లతో జనం. ఎవరో పిలిస్తే మస్తానయ్య వచ్చి, సైకిలు దిగకుండా ఒక కాలు నేల మీద ఆనించి నిలబడ్డాడు. ప్రభుదాసు గారు మెట్టెక్కి, "ఫ్యాట్ మార్చింది మస్తానయ్య కాదు. ఆత్మకూరోళ్లూ కాదు. నేను రాసిన ప్రోగ్రాములో తప్పుండాది," అన్నారు.

ఊరట పడతారనుకున్నాను. ఎవరి ముఖమూ మారలేదు. కేంద్రంలో కొత్తగా చేరినవాళ్లలో ఒకరైన సుబ్బమ్మ అనే పెద్దావిడ ముందుకొచ్చి, "నీ చేత ఎవురు చెప్పిస్తా ఉండారు దాసూ? తప్పు నాదేనని ఊరికే ఎవురన్నా చెప్పుకుంటారా?" అంది. గుంపులో చాలామంది తలలూపారు. ఆయనకు బాధ కలుగుతుందని నేను భయపడ్డాను. ఆయన మాత్రం, "నా మాట నమ్మబాకత్తా. వచ్చి చూడు," అన్నారు.

మర్నాడు సుబ్బమ్మ, మస్తానయ్య ఆత్మకూరు వచ్చారు. ప్రభుదాసు గారు సుబ్బమ్మ పాల అంకెను ఆమె ఎదుటే మిషన్లో వేసి, ప్రోగ్రాము నడిపారు. ఆమె వెన్న ఎవరో తెలియని మనిషి పేరు కింద తేలింది. మస్తానయ్య ఇంకోసారి చేయమన్నాడు. చేశారు. మళ్లీ చేయమన్నాడు. విసుగు లేకుండా మళ్లీ చేశారు. అప్పుడు మస్తానయ్య కుర్చీలో కూలబడి, "నన్ను దొంగన్న రోజు ఈ ఆఫీసులో ఒక్కడన్నా ఇట్టా రెండోసారి చూసుంటే బాగుండు సార్," అన్నాడు. ప్రభుదాసు గారు తల దించుకున్నారు.

ఆ తర్వాతే సెల్వం సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. మస్తానయ్యకు పని తిరిగొచ్చింది. ప్రభుదాసు గారిని మాత్రం యాజమాన్యం కంప్యూటర్ గదిలోంచి తీసి స్టోర్స్‌లో వేసింది. తప్పు ఒప్పుకున్న మనిషిని రెండు ఊళ్లూ చివరిదాకా పూర్తిగా నమ్మలేదు. తన సగం పాస్‌వర్డ్ నాకు చెప్పి, "ఇయ్యాలే మార్చెయ్. నాకు చెప్పబాక," అని వెళ్లిపోయారు.

ఇప్పుడు నా కింద కొందరు పిల్లలు పనిచేస్తున్నారు. ఏదైనా అంకె తప్పితే గదిలో అందరి కళ్లూ ఒకరి వైపే తిరుగుతాయి. నేను ఆ ఒక్కరి ముఖం చూడకుండా, ముందు నేను రాసినదాన్ని తెరుస్తాను. చాలాసార్లు అందులో తప్పు కనపడదు. హమ్మయ్య అనుకోవాలనిపిస్తుంది. అనుకోలేక, మళ్లీ మొదటి వరస నుంచి చదవడం మొదలుపెడతాను.