విజిల్‌కి వెలిగే లైటు

అమ్మకు వినికిడి తగ్గిన సంగతి మాడిపోయిన కుక్కరు బయటపెట్టింది. విజిళ్లు వినపడక కందిపప్పు అడుగంటి, ఇల్లంతా పొగ కమ్మింది. అన్న ఆ రోజే తేల్చేశాడు.

"సుమ్నే, ఊరికే రిస్కెందుకప్పా? వంటకు మనిషిని పెడదాము. అమ్మ ఇంక పొయ్యి తాకేదొద్దు."

బెంగళూరు కాటన్‌పేటలో మా ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి ఆ వంటిల్లు అమ్మది. చెవి మిషను కొనిస్తే, తలలో సంత పెట్టినట్టుందని తీసి పారేసింది. ఇప్పుడు గడప దగ్గర కూర్చుని, ఎవరో వండింది తినాలి. నాకు ఒళ్లు మండింది. "ఒక నెల ఆగు, నేనేదో ఒకటి చేస్తా" అన్నాను అన్నతో.

అన్నానే గానీ నాకేం వచ్చు? హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఆఫీసు. ఎవరో తయారుచేసే మిషన్లకు ప్రోగ్రాములు రాయడం నా పని. ఆ మిషన్లను చేత్తో ముట్టిన పాపాన పోలేదు. ఇంట్లో చెప్పేవాడూ లేడు, తప్పు దిద్దేవాడూ లేడు. ఎలక్ట్రానిక్ సామాన్లు దొరికే ఎస్పీ రోడ్డుకు పోయి అగ్గిపెట్టెంత బోర్డులు రెండు, శబ్దం పట్టే చిన్న మైకు, ఎర్ర లైటు తెచ్చుకున్నాను. తీగలు తిరగేసి పెట్టి మొదటి బోర్డు కాల్చేశాను. రెండోదాంట్లో లైటు మిణుక్కుమన్నప్పుడు, నిజం చెబుతున్నా, ఎగిరి గంతేశాను. జీతమిచ్చే పనిలో అంత సంతోషం ఎన్నడూ ఎరగను.

మా కుక్కరు విజిల్‌ను ఫోన్‌లో రికార్డు చేసి, గది తలుపేసుకుని దానికి వినిపించాను. కూసినప్పుడల్లా లైటు మిణుక్కుమంది. పప్పు ఉడికే లెక్క మూడు కూతలు కదా, మూడోదానికి ఆరకుండా వెలిగింది. ఇంకేం, ఆదివారం వంటింట్లో పెట్టేశాను. "లైటు ఆరకుండా వెలిగితే పొయ్యి ఆపెయ్యి" అని అమ్మ దగ్గరగా నిలబడి చెప్పాను.

భోజనానికి కూర్చున్నాం. అన్న పప్పు కలిపిన మొదటి ముద్ద దగ్గరే ఆగిపోయాడు. "ఇవి బ్యాళ్లా, గుండ్రాళ్లా?"

"నాదే తప్పప్పా. సరిగా చూసుకోలేదేమో" అంది అమ్మ, అన్న మొహం చూసి.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె లైటు చెప్పినట్టే ఆపింది. లేచి వంటింట్లోకి వెళ్లాను. మా పొయ్యి ఆరిపోయి ఉంది, లైటు మాత్రం మళ్లీ మిణుక్కుమంటోంది. పక్కింటివాళ్ల వంట ఇంకా కాలేదు. వాళ్ల కిటికీ, మా కిటికీ ఒకే ఇరుకు సందులోకి తెరుచుకుంటాయి. వాళ్ల కుక్కరు కూతలు కూడా మా లెక్కలో పడ్డాయి. థూ, నా తెలివి తగలెయ్య! ఈ పేటలో పుట్టి పెరిగినవాణ్ణి, ఆదివారం వీధి వీధంతా కుక్కర్లు కూస్తాయని నాకు తెలియదా?

మైకు పీకేశాను. అదురు పట్టే రేకు బిళ్ల ఒకటి తెచ్చి పొయ్యి కాలికి అతికించాను. పక్కింటి కుక్కరు ఎంత కూసినా మా పొయ్యి అదరదు కదా. కానీ అమ్మ గట్టు మీద కొబ్బరికాయ కొట్టినా అది లెక్కేసుకునేది. దెబ్బ అదురు క్షణంలో పోతుంది, విజిల్ అదురు కాసేపు నిలుస్తుంది. ఆ తేడా ప్రోగ్రాములోకి ఎక్కించేసరికి అన్న ఇచ్చిన నెల అయిపోవచ్చింది.

ఆ ఆదివారం పప్పు వెన్నలా ఉడికింది. అన్న మారు వడ్డించుకున్నాడు. "సరేలే, వంటమనిషి వద్దు. అమ్మే చేసుకోనీ" అన్నాడు, తల పళ్లెం మీదికి వంచుకునే.

"ఏమంటా ఉండావప్పా?" అంది అమ్మ.

"ఏం లేదులేమ్మా, తిను."

అమ్మ నా వైపు తిరిగింది. "కుక్కరుకు లైటు పెట్టినావు, బాగుండాది. ఏమన్నారని అడిగితే ఇద్దరూ ఏం లేదులే అంటారే, దానికేం పెడతావు?"

అన్న ఎంగిలి చేత్తోనే పళ్లెం జరుపుకుని ఆమె పక్కకు వచ్చి కూర్చున్నాడు. "వంటిల్లు నీదే అంటా ఉండానమ్మా" అని చెవి దగ్గర చెప్పాడు. వినపడలేదు. మళ్లీ చెప్పాడు.