గుండ్ల కింది చుట్టం

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు, పుష్యమాసం, బేస్తవారం, పగటి పన్నెండున్నర. (గడియారం మాది కాదు, యూనివర్సిటీ పెద్ద సారు చేతిది. ఆయన చూసి చెప్తేనే మాకు ఎరుక.) ఆ రోజుల్ల మా దిక్కు టైం అడిగేటోడు లేడు, చెప్పేటోడు లేడు. పొద్దు నెత్తి మీదికొస్తే సద్దిమూట విప్పుడు, పొద్దు గూకితే ఇంటికి నడుసుడు. ఊర్లకు జీపు వచ్చిందంటే పిల్లలు, ముసలోళ్లు అందరు ఎగవడి చూసేటోళ్లు. సచ్చినోళ్లంటే భయం, బతికున్నోళ్లు ఏమంటరోనని ఇంకింత భయం. ఇప్పటోళ్లకు ఈ ముచ్చట చెప్తే నవ్వుతరు. నవ్వుండ్రి, నేను గూడ నవ్వుకుంటనే రాస్తున్న. ఆ పగలు మాత్రం నాకు నవ్వు రాలే. నా మెడల పడాల్సిన పుస్తె ఒక కాకి ముక్కు మీద ఆగి ఉండె.

జహీరాబాద్ నుంచి ఝరాసంగం పోయే తొవ్వల, మా ఊరు దాటినంక ఎర్రమన్ను బీడు ఒకటి ఉండె. ఆ బీడుల మనిషెత్తు గుండ్లు గుండ్రంగ నిలవెట్టి ఉంటయి. ఎవరు పెట్టిన్రో మా తాతలకు గూడ తెల్వది. రాకాసోళ్లు పెట్టిన్రని మేకల కాపరులు గూడ ఆ లోపటికి పోకపోదురు. గుండ్ల నడుమ తవ్వుతమని హైదరాబాద్ నుంచి యూనివర్సిటీ సార్లు జీపేసుకొని వచ్చిన్రు. అందుల పెద్ద సారు పాతకాలపు కుండలు, బొక్కలు చూసేటాయన. కరెంటు సారు ఇనుప మొలలు భూమిల గుచ్చి, తీగలు కట్టి, డబ్బల ముల్లు ఎటు ఆడుతదో చూసి కింద ఏమున్నదో చెప్పేటాయన. కొలతల మేడం ఇంక చదువుకునే పిల్లనే, కానీ కనవడ్డోళ్ల తలలన్నిటిని ఒక వంకర పట్కారుతోని పట్టి కొలుసుకునేది. ఒక్క జీపుల ఇన్ని తీర్ల చదువులు ఎట్ల పట్టినయో నాకు ఇప్పటికీ సమజ్ కాదు.

కరెంటు సారు గుండ్ల నడుమ మొలలు గుచ్చి "ఇక్కడ కింద బోలుగా ఉంది" అన్నడు. మా బీడీల తాత (నాయినకు చిన్నాయిన, కులపెద్ద, నోట్ల బీడీ లేకుంటే ఆయనకు తీర్పు రాదు) పోయి ఆ డబ్బ ముంగట గొంతుక్కూసున్నడు.

"గీ డబ్బకు మన్ను కింద ఉన్నది కనవడ్తదా సారూ?"

"కనబడుతుంది తాతా."

"అయితే జర మా బాయికాడికి తే. నీళ్ల కోసం గుడ్డోళ్ల లెక్క తవ్వుతున్నం. సచ్చినోళ్లను తర్వాత చూద్దువు తియ్యి, వాళ్లకేం తొందర?"

ఆ తవ్వకానికి మా అవ్వ, నేను మన్ను తట్టలు మోయబోయినం. (మా దిక్కు అమ్మను అవ్వ అంటం.) మాఘం వస్తే నా లగ్గం. దానికి ముందోసారి నాకొక సంబంధం తప్పిపోయింది. ఆకువక్క పట్టిన దినమే వాళ్ల బర్రెను పాము కరిచింది, "పొల్ల కాలు మంచిది కాదు" అన్నరు. నేను ఆ ఊర్ల కాలే పెట్టలే! అయినా ఆ మాట నన్ను విడవలే. ఇది గూడ తప్పితే ఇంక మూడోది రాదని ఇంట్ల అందరికీ ఎరుక, నాకు ఇంకా బాగ ఎరుక. పైగ పిలగాడు నాకు నచ్చిండు. జహీరాబాద్ అంగట్ల ఒక్కసారి చూసిన. నేను నవ్వితే నా ముందటి పన్ను మీదికి పక్క పన్ను ఎక్కి కనవడ్తది. అందరు దాన్ని వంక అంటరు. ఆయన దాన్నే చూసి నవ్విండు.

మంగళారం పగటిపూట గుంతల మూతబండ లేపిన్రు. లోపటి నుంచి సల్లటి గాలి వచ్చి మా కాళ్లకు తాకింది. తొలకరి వాన పడ్డప్పటి వాసన. అది చలికాలం, మబ్బు తునక గూడ లేదు. గడ్డపారలు పట్టినోళ్లు ఎవరు చెప్పకుండనే కింద పెట్టిన్రు. మన్ను తీయంగ తీయంగ ఒక మనిషి బొక్కలు తేలినయి. మోకాళ్లు కడుపుల పెట్టుకొని, చలికి పక్కకు ఒరిగి పండుకున్నట్టే ఉన్నది. "ఆడమనిషి" అన్నది మేడం. పెద్ద సారు సన్న కుంచెతోని మొఖం మీది మన్ను దులిపిండు. పండ్లు కనవడ్డయి. ముందటి పన్ను మీదికి పక్క పన్ను ఎక్కి ఉన్నది.

నేను నోరు మూస్కున్న. ఆమె మూస్కోలే. నా నవ్వు, నేను లేకుండనే, ఆ గుంతల పండుకొని ఉన్నది.

మేడం ఒకసారి నన్ను చూసింది, ఒకసారి గుంతలకు చూసింది. పట్కారు పట్టుకొని దిగి ఆమె మొఖం కొలిచింది, ఎక్కొచ్చి నాది కొలిచింది. ఆ ఇనుము నా చెంపలకు సల్లగ తాకింది, ఇప్పుడే ఆమెను ముట్టి వచ్చిన ఇనుము. "అరే, ఒక్కలాగే ఉన్నాయే! నీ ముత్తవ్వకు ముత్తవ్వేమో!" అని మేడం పక్కున నవ్వింది. పెద్ద సారు కసిరిండు: "రెండు కొలతలతో అలా అనకూడదమ్మా. ఈమె వేల ఏళ్ల నాటి మనిషి." మేడం మాట మా అవ్వ చెవుల పడ్డది. సారు మాట పడలే. తట్ట ఆడనే ఇడిసిపెట్టి, కొంగు నోట్ల కుక్కుకొని ఊర్లకు ఉరికింది. ఊర్ల మా రేడియో పెద్దమ్మ ఉండె, అవ్వకు అక్క. ఆ రేడియోకు బ్యాటరీలు అక్కర లేదు. దీపాలు పెట్టే యాల్లకు నేను సచ్చినామె తిరిగి పుట్టిన పుట్టుక అని న్యాల్‌కల్ దాంక పోయింది ముచ్చట. నేను ఇంట్ల ఊకూకె చెంప తడుముకుంటున్న. చర్మం కింద బొక్క ఉంటదని అప్పటిదాంక నాకు యాదికే లేకుండె.

బుధారం పొద్దుగాల బస్సుకే బీదరత్త దిగింది. ఆమె నాకు కాబోయే అత్త. పుట్టింది బీదర్ దిక్కు, మాటల నడుమ కన్నడం దొర్లుతది. చెంబుల నీళ్లిస్తే ముట్టలే.

"ఏనవ్వా వదినా, ఇంట్ల పీనుగును పెట్టుకొని లగ్గం ఎట్ల చేస్తరు?"

"పీనుగేడిది వదినా? అది రాకాసోళ్లది."

"మీ పొల్ల తల, దాని తల ఒక్కటేనట. చదువుకున్నోళ్లు కొలిచి చెప్పిన్రట. తల ఒక్కటైతే నెత్తురు ఒక్కటి. నెత్తురు ఒక్కటైతే మైల గూడ ఒక్కటే. మైల ఇంట్ల నుంచి కోడల్ని తెచ్చుకుంటనా?"

"అది సచ్చి వేల ఏండ్లయిందని సారే చెప్పిండు గద అక్కా" అన్నడు నాయిన.

"సచ్చి ఎన్నేండ్లయితే ఏంది? మీకు ఎరుకైంది నిన్ననే గద!"

అందరు బీడీల తాత దిక్కు చూసిన్రు. ఆయన బీడీ ముట్టిచ్చి శానసేపు పీల్చిండు. "ఇది దూరపు చావు" అన్నడు ఆఖరుకు. "కబురు ఆలస్యంగ అందింది. బొంబాయి పోయినోడు ఆడ సస్తే, మనకు ఏడాదికి తెలిస్తే ఏం చేస్తం? తలకు పోసుకుంటం, పిట్టకు పెడ్తం. పిట్ట ముడితే మైల పోయినట్టే. ముట్టకపోతే లగ్గం ఆపుండ్రి." (సచ్చినోళ్ల పేరు మీద వండి, ఆకుల పెట్టి బయట పెడ్తం. కాకి వచ్చి ముడితే వాళ్లు నిమ్మళంగ పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అదేందో కనుక్కొని మాటియ్యాలె.)

"ఎన్నొద్దులు ఆపాలె చిన్నాయినా?"

"ఆమె మనసుల ఏమున్నదో తెలిసేదాంక."

మా ఇంట్ల బతికున్నోళ్ల మనసుల ఏమున్నదో ఎవ్వరికి తెల్వది.

ఇగ బేస్తవారం. ఇంటిల్లిపాది తలకు పోసుకొని, తడి ఎంటికలతోని చలికి వణుక్కుంట బీడుకు పోయినం. పెద్ద సారు ముందు ఒప్పుకోలే. గుంతల మెతుకు పడితే రేపెప్పుడో వచ్చే సార్లు అది పాతకాలపు మెతుకే అనుకొని పరేషాన్ అయితరట. అంచుకు దూరంగ పెట్టుకోండ్రి అన్నడు. మోదుగాకుల విస్తరిల అన్నం, కోడికూర, జొన్నరొట్టె పెట్టి ఎనుకకు జరిగినం. బీదరత్త ఒక పక్కకు కూసున్నది. పిలగాడు సైకిల్ పట్టుకొని దూరంగ నిలవడ్డడు.

కాకులు వచ్చినయి. ఒక్కటి కాదు, గుండుకొక్కటి. ఆ గుండ్ల సుట్టు వరుసగ కూసొని అన్ని లోపటికే చూస్తున్నయి. ఒక్కటి గూడ కావు మనలే. గాలి లేదు. జొన్న చేండ్లల్ల ఎప్పుడు వినవడే చప్పుడు గూడ లేదు. పెద్ద సారు గడియారం చూసి పన్నెండున్నర అన్నడు, ఎవ్వరు అడగకుండనే. ఆయనకు గూడ ఏదో ఒకటి మాట్లాడాలె అనిపిచ్చినట్టున్నది.

"ఏదో కోరిక ఉన్నది" అని తాత ఒక బీడీ తీసి విస్తరి పక్కన పెట్టిండు. కాకులు కదల్లే. నాయిన కల్లు పోసిండు. కదల్లే. తాగాలనున్నది ఆమెకు కాదు, నీకని అవ్వ గొణిగింది. "వాళ్ల కుండల్లో ఉలవలు దొరికాయి" అన్నడు పెద్ద సారు మెల్లగ, అన్నంక తనకే సిగ్గయినట్టు అద్దాలు తుడుసుకున్నడు. ఎవరింట్లనో ఉడుకుతున్న ఉలవలు ఉరికి తెచ్చి పెట్టినం. ఒక కాకి తల వంచి చూసింది, మల్ల లేపింది. రేడియో పెద్దమ్మ దండం పెట్టి "అవ్వా, నీ బిడ్డల ఫికర్ పెట్టుకోకు, మేం సూసుకుంటం" అన్నది.

"దాని బిడ్డలంటే మనమే గదనే!" అన్నడు తాత.

మేడంకు నవ్వు ఆగక అటు తిరిగింది. బీదరత్త నవ్వలే. కొంగు దులుపుకొని లేచింది. "జహీరాబాద్ బస్సు టైమైంది. నడువురా" అన్నది కొడుకును. ఆయన నన్నొకసారి చూసిండు, కిందికి చూసిండు, సైకిల్ స్టాండు తీసిండు. ఆ టక్కుమన్న చప్పుడుకు నా లోపట ఏదో తెగింది. ఎవ్వరు ఆపకముందే గుంత అంచుకు పోయి నిలవడ్డ. ఎండ నిలువుగ పడి లోపట నీడే లేదు. ఆమె కండ్ల బొర్రలల్ల మాత్రం చీకటి ఉన్నది.

"ఏందే నీ లొల్లి?" అన్న. నా గొంతు గుండ్లకు తగిలి నాకే తిరిగొచ్చింది. "దొరికిన కాడ సంది నిన్ను పీనుగు, మైల అంటున్నరు. నాకు చుట్టమే అయితే నువ్వు ఇంటికి పెద్దవు గద! లగ్గం పెట్టుకున్నప్పుడు ముందు పెద్దలకు బట్టలు పెడ్తరు, నీకు ఎవ్వరు పెట్టలే. పిలవనన్న పిలవలే. గదేనా నీ కోపం? ఇగో, నేనే పిలుస్తున్న. మాఘంల నా లగ్గం. నీకు చీర పెడ్తం. వస్తే రా, రాకుంటే నీ ఇష్టం. పిలవలేదని మాత్రం అనకు!"

పిలిచినప్పుడు బొట్టు పెట్టాలె. కుంకుమ లేదు. ఎర్రమన్ను ఏలుకద్దుకొని కిందికి వంగిన. "ముట్టొద్దు!" అని పెద్ద సారు అరిచిండు. సరే అని ఆమె తలాపున ఉన్న గుండుకు పెట్టిన. గుండు వెచ్చగ ఉన్నది, ఎండకే.

అప్పుడు ఒక కాకి దిగింది. నడుసుకుంట విస్తరి కాడికి వచ్చింది. కోడికూరను దాటింది, ఉలవలను దాటింది, రొట్టె తునక ముక్కున పట్టుకున్నది. ఎగిరి పోలే. అట్లనే నడుసుకుంట గుంత అంచుకు వచ్చి లోపటికి చూసి ముక్కు తెరిచింది. తునక కింద పడ్డది. మిగిలిన కాకులన్ని ఒక్కపారే లేచిపోయినయి, చప్పుడు లేకుండ. ఆ తునకను ఎవ్వరు తీయలే, పెద్ద సారు గూడ.

బీదరత్త మా అవ్వ చేతుల చెంబు గుంజుకొని గడగడ తాగింది. "పొల్లకు నోరున్నది" అన్నది చెంబు దించి. అది మెప్పో తిట్టో మా ఇద్దరి మధ్య ఆమె పోయేదాంక తేలలే. జనం లేచి కదిలేసరికి కాకికి ధైర్యం వచ్చిందని పెద్ద సారు తర్వాత మాకు సమజ్ చేసిండు. కావచ్చు. నేను అడ్డం చెప్పలే. లగ్గం కావాల్సినదాన్ని, నాకెందుకు వాదం?

మాఘంల లగ్గమైంది. గుంతల ఆమె పేరు మీద పచ్చ చీర పెట్టినం. పీటల మీద కూసున్నప్పుడు ఎనుక నుంచి ఎవరో నా కొంగు సర్దిన్రు. తిరిగి చూస్తే ఎవ్వరు లేరు. రేడియో పెద్దమ్మే అయి ఉంటది (ఆమె మాత్రం నేను కాదు అని ఒట్టు పెట్టింది). అప్పటికే సార్లు ఆ బొక్కలను పెట్టెల సర్ది హైదరాబాద్ తీసుకపోయిన్రు. మా ఆయన నాతోని ఏ లొల్లిలనన్న ఓడిపోతే ఒక్కటే మాట అనేటోడు: "పీనుగునే బెదిరిచ్చినదానివి, నేనెంత!"

మనుమలు పుట్టినంక అక్షరాలు నేర్సుకొని, కూడబలుక్కుంట ఇదంత రాస్తుంటే నాకు ఆ పొల్లను చూసి నవ్వొస్తది. తడి తల, ఏలుకు మన్ను, వేల ఏండ్ల మనిషితోని కయ్యం. అంత ధైర్యం ఎక్కడిదని అడిగితే చెప్పలేను. బస్సెక్కిపోయే మనిషిని ఆపేటందుకు ఇప్పటి నేనైతే ముందు మర్యాద సూసుకుందును, ఆలోపల బస్సు పోయేది.

ఆ పగలు ఆడ ఉన్నది మా అవ్వ, మా నాయిన, బీడీల తాత, రేడియో పెద్దమ్మ, బీదరత్త, సైకిల్ పట్టుకొని మా ఆయన, పెద్ద సారు, కరెంటు సారు, కొలతల మేడం, నేను. ఇంక ఆమె, పిల్ల దిక్కు పెద్దమనిషి.