ఎంపీగారి గట్టు నడక

పార్లమెంటు చూడ్డానికెళ్ళిన మా ఊరి పొదుపు సంఘం ఆడవాళ్ళం ఒకరి వెనక ఒకరం గోడవారగా నడుస్తుంటే గార్డు నవ్వుతున్నాడు. అంత వెడల్పు వరండాలో పక్కపక్కన నడవొచ్చని మాకు తోచలేదు. కొల్లేట్లో సన్నటి చేపల చెరువు గట్లకి అలవాటైన కాళ్ళు మరి. చూద్దును కదా, అన్నీ చూపిస్తూ ముందు నడుస్తున్న మా ఎంపీగారు కూడా పంచె కాస్త ఎత్తిపట్టుకుని, అడుగు ముందు అడుగు ఆనిస్తూ గోడవారనే పోతున్నారు.

"ఏవండీ, ఇక్కడ జారదు కదండీ?" అన్నాను నోరాగక.

"చిన్నప్పుడు గట్టు మీంచి జారి చెరువులో పడ్డానమ్మా. అప్పట్నుంచీ ఎక్కడైనా ఇదే నడక" అని పకపకా నవ్వారు.

ఆ నవ్వుకి ధైర్యమొచ్చింది. "మా పిల్లలు బడికెళ్ళే గట్టు సగం కోసుకుపోయిందండీ. ఒక్కసారి మీరొచ్చి నడిచి చూడాలండీ."

"వచ్చే వారం వస్తాను. నడిచే చూస్తాను."

ఆయన మొహం కన్నా ఆ నడకే నాకిప్పటికీ గుర్తు.

మర్నాడు పొద్దున్నే ఢిల్లీ నుంచే మా ఊరి ప్రెసిడెంటుగారికి ఫోన్ చేశాను.

"బాబాయ్‌గారూ, ఎంపీగారొస్తున్నారని గట్టు మీద తట్టెడు మట్టి కూడా పోయించకండి. ఉన్నదున్నట్టే ఉంచండి."

"ఆయన జారిపడితేనో, అమ్మాయ్?"

"పడరండీ. ఆయనదీ మన నడకే."