గిటారు ముల్లుకు నేనిచ్చిన మొగ్గు

బేరంలో నన్ను ఓడించినవాళ్ళు గద్వాలలో ఇద్దరే. ఒకరు మా అమ్మ. రెండోవారు మా కిరాణా దుకాణానికి ఎదురుగా ఉండే లేడీస్ టైలరు. జాకెట్టు కుట్టుకూలి ఎంతో ఒక్కసారే చెప్పేవాడు. నేను సగానికి అడిగితే కోపం తెచ్చుకోకుండా, గుడ్డ మడిచి నా చేతికే ఇచ్చి, "గల్లీ చివర ఇంకో మాస్టరున్నడు బిడ్డా, మంచోడు" అనేవాడు. అలా రెండుసార్లు గల్లీ చివరిదాకా పోయి తిరిగొచ్చాక ఆయనతో బేరం మానుకున్నాను. ఆయన్ని కాకా అని పిలవడం కూడా అప్పుడే మొదలైంది.

కాకా గిటారు వాయించేవాడు. చర్చిలో పాటల బృందానికి చాలా ఏళ్ళుగా ఆయనదే గిటారు. నేను డిగ్రీ ముగించి దుకాణంలో కూర్చుంటున్న రోజులవి, రెండువేల సంవత్సరం దాటి ఆరేడేళ్ళయి ఉంటుంది. మధ్యాహ్నం కొనేవాళ్ళు పలచబడి మా నాన్న బస్తాల మీద కునుకు తీస్తుంటే, నేను రోడ్డు దాటి ఆయన దగ్గర కూర్చుని నేర్చుకునేదాన్ని.

"గిటారు నేర్చి ఏం జేస్తవే? పప్పు పొట్లానికి పాట గిట్ల కట్టిస్తవా?" అనేవాడు నాన్న.

"పాట ఫ్రీ అంటె పప్పు ఇంకింత పోతది నాయినా" అనేదాన్ని.

ఆ ఏడు డిసెంబరు మొదట్లో కాకా చెవి సంగతి బయటపడింది. ఎడమ చెవి ఎప్పుడో మూసుకుపోయింది. ఇప్పుడు కుడి చెవికి కూడా సన్న స్వరాలు అందడం మానేశాయి. మిషను మోటారు పక్కన అన్నేళ్ళు కూర్చున్నందుకు అని ఆయన అనుకునేవాడు. గిటారుకు ఆరు తీగలు. వాయించే ముందు తల దగ్గరి బిరడాలు తిప్పి ఒక్కొక్క తీగనూ దాని శ్రుతికి తేవాలి. ఇన్నాళ్ళూ ఆ పని చెవితోనే చేశాడు. ఇప్పుడు తీగలు పక్కకు పోతున్నా ఆయనకు తెలియడం లేదు.

బృందాన్ని నడిపేది పాస్టరు గారి కూతురు. వనపర్తిలో టీచరుగా చేస్తూ ఆదివారాలకు వచ్చేది. కీబోర్డు ఆమెదే. క్రిస్మస్ పాటల మొదటి సాధన కాగానే కాకా దగ్గరకొచ్చి మెల్లగా చెప్పిందట: "అంకుల్, ఈసారి మీరు ముందు కుర్చీల కూసోని ఇనుండ్రి. కీబోర్డుల గిటారు సౌండు గూడ ఉంటది, నేను సంభాళిస్త."

ఈ సంగతి నాకు చెబుతూ కాకా ఒక జాకెట్టుకు హుక్కులు కుడుతున్నాడు. "మర్యాదగనె చెప్పింది పాపం. ఇనుండ్రి అన్నది. ఇనొస్తె కుర్చీల ఎందుకు కూసుంట?"

"ఎన్ని దినాలు టైమిచ్చింది?" అన్నాను. దుకాణంలో పెరిగిన బుర్ర ఓదార్పు కంటే ముందు గడువే అడుగుతుంది.

"ఇంక రెండు ఐతారాలు చూస్త అన్నది. గంతల గిటారు సరిగ్గ పలికితె ఉంట. లేకుంటె లేదు."

దారం పళ్ళతో తెంపాడు. ఆ తెంపడంలోనే ఆయనకు ఆశ లేదని తెలిసింది.

చెవి బాగు చేయడం నా వల్ల కాదు. కానీ దుకాణంలో దొరికేది ఏదైనా నా వల్ల అవుతుంది. తీగ శ్రుతిలో ఉందో లేదో కంటికి చూపించే ఎలక్ట్రానిక్ ట్యూనర్లు వస్తున్నాయని ఇంటర్నెట్ సెంటర్లో చూశాను. మర్నాడే కర్నూలు వెళ్ళే ప్యాసింజరు ఎక్కాను.

అక్కడి వాద్యాల దుకాణంలో యజమాని రెండు రకాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి సబ్బుబిళ్ళంత పెట్టె. లోపల చిన్న మైకు ఉంటుంది. తీగ మోత విని, అది ఏ స్వరమో అక్షరంలో చూపి, ఎంత ఎక్కువో తక్కువో ఒక ముల్లుతో చెబుతుంది. రెండోది ఆరేసిన బట్టలకు పెట్టే క్లిప్పులా ఉంది. గిటారు తలకు తగిలించాలి. దానికి వినడంతో పనిలేదు, చెక్కలోని వణుకును పట్టుకుంటుంది. ధర పెట్టెకు రెండింతలు.

కావలసిన సరుకు వంక ముందుగా చూడకూడదనేది మా ఇంటి మొదటి పాఠం. నేను పెట్టెనే చేతిలోకి తీసుకున్నాను.

"మాకు ఇది చాలన్నా. ఆ బట్టల క్లిప్పు ఎవలు కొంటరు?"

"ఎవురో ఒకరు కొంటారులేమ్మా. కొన్నోళ్ళు మాత్రం మళ్ళా పెట్టె అడగరు."

"జర పక్కన ఆ కీబోర్డు ఆన్ చెయ్యుండ్రి."

ఆయన కీబోర్డు మోగిస్తూ గిటారు తీగ మీటాడు. పెట్టెలో ముల్లు దయ్యం పట్టినట్టు ఊగిపోయింది. క్లిప్పు మాత్రం పక్కన ఎవరు అరిచినా పట్టించుకోకుండా తీగ సంగతే చెప్పింది. కాకా దుకాణంలో మోటారు, చర్చిలో పాతిక గొంతులు. నాకు కావలసింది క్లిప్పే అని తేలిపోయింది. అందుకని దాన్ని మరింత చీదరగా చూశాను.

"ఇంత చిన్నగుంది. పిల్లలు మింగుతె దవాఖాన ఖర్చు ఎవలిస్తరు?"

"మీ ఇంట్లో పిల్లలు క్లిప్పులు మింగుతారామ్మా?"

ఇక చివరి ఆయుధం తీశాను. "వద్దులే అన్నా" అని మెట్లు దిగాను. మూడు మెట్లు. మామూలుగా రెండో మెట్టు మీదే పిలుపు వస్తుంది. ఎవరూ పిలవలేదు. రోడ్డు మీద నిలబడి అరటిపండ్ల బండిని చాలాసేపు పరీక్షించాను. తర్వాత గొడుగు మరచిపోయినదానిలా మళ్ళీ పైకెక్కాను. గొడుగు నా చేతిలోనే ఉంది.

"దొరికిందామ్మా గొడుగు?" అన్నాడాయన, నవ్వకుండా.

అయినా నేను ఓడిపోలేదు. పావుగంటలో ధర కొంత దించాను, బిళ్ళ సెల్లు ఒకటి ఎక్కువ ఇప్పించుకున్నాను. గిటారు మెడపట్టీ కూడా అడిగితే ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. వచ్చేటప్పుడు, "ముల్లు నడిమధ్యన నిలబడాలమ్మా, అప్పుడు పచ్చదీపం వెలుగుతాది" అని చెప్పాడు. కొన్న తర్వాత అమ్మినవాడి మాట వినే అలవాటు నాకు లేదు. రైలు గద్వాల చేరేదాకా కిటికీ అద్దంలో నా మొహం నాకే చాలా తెలివిగా కనిపించింది.

శనివారం సాయంత్రం క్లిప్పును గిటారుకు తగిలించాను. "ఆ సన్న ముల్లు నాకు అవుపడదు, నువ్వే చెయ్యి" అన్నాడు కాకా. బిరడాలు తిప్పడం ఆయన నేర్పిందే కాబట్టి ధైర్యంగా మొదలుపెట్టాను.

ఇక్కడ మా తూకం సంగతి చెప్పాలి. త్రాసు ముల్లు నిలువుగా నిలబడితే మా నాన్న దాన్ని తూకమే అనడు. కొన్నవాళ్ళ వైపు ఒక్క పిసరు వంగాలి. దాన్ని మొగ్గు అంటాం. "ముల్లు బిగుసుకోని నిలవడితె కొన్నోని మొకం గూడ గట్లనె బిగుసుకుంటది. జర వంగనియ్యి" అంటాడు. చింతపండుకు పిసరంత, బియ్యానికి గుప్పెడంత. బరువు సరుకుకు బరువైన మొగ్గు. అక్షరాల కంటే ముందు నా చేతికి వచ్చిన విద్య ఇది.

ట్యూనరులో ముల్లు నడిమికి రాగానే నా చేయి ఆగలేదు. ఇంకొంచెం తిప్పి, ముల్లును కుడివైపు వంగనిచ్చింది. సన్న తీగలకు కాస్త, లావు తీగలకు ఇంకాస్త. లావు తీగల దగ్గర పచ్చదీపం ఆరిపోతుంటే, దీపానిదేముంది, ముల్లు ఉండగా అనుకున్నాను. ఆరు తీగలకూ ధారాళంగా తూచి గిటారు కాకా చేతిలో పెట్టాను.

ఆదివారం చర్చిలో సాధన మొదలై మొదటి పాట రెండు పంక్తులు కూడా దాటలేదు. పాస్టరు గారి కూతురు కీబోర్డు మీద చేయి ఆపింది.

"అంకుల్, గిటారు ఇంకా పక్కకే ఉంది."

"మిషను పెట్టి చూసినమమ్మా" అన్నాడు కాకా.

"అవునక్కా, మిషను అబద్ధం చెప్పదు. నేనే నాలుగుపార్లు చూసిన" అని వెనక బెంచీ నుంచి గట్టిగా చెప్పాను.

ఆ మాట నేను అనకపోయినా బాగుండేది. కాకా తన ఎడమచేతి వేళ్ళవైపు చూసుకున్నాడు. ఆ తర్వాత పాటంతా తీగలను తాకీ తాకనట్టు వాయించాడు.

సోమవారం మధ్యాహ్నం నేను రోడ్డు దాటి వెళ్ళేసరికి గిటారు సంచిలో ఉంది, సంచి మేకుకు ఉంది. ఆయన కత్తెర పట్టుకుని ఉన్నాడు గాని గుడ్డ కత్తిరించడం లేదు.

"తీగెలు సరిగున్నయని మిషను చెప్పె. మరి తప్పెవలిది? ఈ చేతి ఏళ్ళది. చెవి పాయె, ఏళ్ళు పాయె. ఇగ కుర్చీల కూసుంట తియ్యి" అన్నాడు.

"ఒక్కపారి తియ్యి కాకా. ఇంకో ఐతారం ఉంది గదా."

బతిమాలగా బతిమాలగా తీశాడు. గిటారు పైఅంచుకు దవడ ఆనించి, ఒకే స్వరం రావలసిన రెండు తీగలను పట్టి కలిపి మీటాడు. కళ్ళు మూసుకున్నాడు. శ్రుతి కలిస్తే చెక్క నున్నగా వణుకుతుందట, కలవకపోతే లోపల ఎవరో తలుపు తట్టినట్టు ఉంటుందట. చెవి చెప్పనిది దవడ ఎముక చెబుతుంది.

"కొట్టుకుంటున్నయి" అన్నాడు. "బిడ్డా, ఇవి కలువలేదు."

"మిషను..."

"మిషను సంగతి నాకు తెల్వదు. దవడ సంగతి తెల్సు. ఏదీ, నువ్వెట్ల జేస్తవో నా ముంగట జెయ్యి."

సూదిలో దారం ఎక్కించేటప్పుడు పెట్టుకునే అద్దాలు పెట్టుకుని, ముక్కు ఆ క్లిప్పుకు తగిలేంత దగ్గరికి వంగాడు. నేను లావు తీగ మీటి బిరడా తిప్పాను. ముల్లు నడిమికి వచ్చింది. ఇంకొంచెం తిప్పాను.

"ఆగాగు. ముల్లు గీత మీదికొచ్చింది గదా, దాటిచ్చినవేంది?"

"మొగ్గు కాకా."

"ఏంది?"

"మొగ్గు ఇచ్చిన."

"ఎవలికి?"

నేను తీగవైపు చూపించాను. ఆయన అద్దాల మీది నుంచి నన్ను చూశాడు. "తీగెలేమన్న సంచి పట్టుకోని మీ దుకాణానికి వచ్చినయా?"

అప్పుడు నవ్వాడు. వారం రోజుల్లో మొదటిసారి. కళ్ళజోడు తీసి తుడుచుకునేంత నవ్వు. రోడ్డుకు అటువైపు మా నాన్న లేచి కూర్చున్నాడు. నాకు మాత్రం తల వంగిపోయింది. ఆయన వేళ్ళు పోయాయని ఆయన చేతే అనిపించింది నా ధారాళం.

ఆ వారమంతా ట్యూనరు ఆయన చేతిలోనే ఉంది. అద్దాలతో ముల్లు బాగానే కనబడింది. నేను ఆయన్ని చూసి నేర్చుకున్నాను. ముల్లు నడిమి దాటితే అక్కడి నుంచి నేరుగా వెనక్కి తెచ్చి ఆపకూడదు. తీగను బాగా వదులు చేసి, మళ్ళీ కింది నుంచి ఎక్కిస్తూ గీత దగ్గర ఆపాలి. పైనుంచి దించి ఆపిన తీగ పాట మధ్యలో జారుతుంది. "జాకెట్టు గూడ గంతే. ఇంచు వదులైతె తిడ్తరు, ఇంచు బిగువైతె ఊపిరాడక తిడ్తరు. కొలత కొలతనే" అన్నాడు. పచ్చదీపం వెలిగాక కూడా ఒకసారి దవడతో సరిచూసుకునేవాడు.

రెండో ఆదివారం పాట ఎక్కడా ఆగలేదు. చివరన పాస్టరు గారి కూతురు తలూపింది.

"బాగుంది అంకుల్. అయిదు పాటలల్ల రెండిట్ల మీరు వాయించుండ్రి. మిగిలినవి నేను చూసుకుంట. ఏళ్ళకు గూడ కష్టం గావద్దు గదా."

"గదే చాలమ్మా" అన్నాడు కాకా వెంటనే. బేరం తెలియని మనిషి.

"అయిదూ" అన్నాను నేను లేచి.

"అక్కా, ఇది మీ దుకాణం గాదు."

"దుకాణమైతె పది అడిగి అయిదుకు వస్తుంటి. చర్చి అని అసలు ధరే చెప్తున్న."

అందరూ నవ్వారు గాని ఆమె మెత్తబడలేదు. "పోయిన వారం మిషను పెట్టినంక గూడ గట్లనె ఉండె గదక్కా. తీగెలు సరిగున్నయని మీరే చెప్తిరి. మరి క్రిస్మస్ నాడు మల్ల గట్లయితె?"

ఆ ప్రశ్నకు ఒకటే జవాబు ఉంది. కాకా దాన్ని చెప్పడని నాకు తెలుసు. తల వంచుకుని తీగలు తుడుస్తున్నాడు. బేరంలో మన సరుకు లోపం మనమే చెప్పడం మా ఇంటా వంటా లేదు. చెప్పేశాను. త్రాసు, మొగ్గు, లావు తీగకు ఇచ్చిన గుప్పెడు, అంతా పాతికమంది ముందు.

వడ్డేపల్లి నుంచి వారం వారం వచ్చే పెద్దమ్మ, మా దుకాణంలోనే సరుకులు తీసుకునే ఆమె, ముందుగా అందుకుంది. "షావుకార్లు తక్కువ తూస్తరని తిడ్తరు గాని, ఎక్కువ తూసి మనిషి ఇజ్జత్ తీసిన షావుకారిని ఇప్పుడే సూస్తున్న!"

నవ్వు తగ్గాక పాస్టరు గారి కూతురు కీబోర్డు వెనక నుంచి లేచి వచ్చి కాకా ఎదురుగా నిలబడింది. "అయితె నేను ఉత్తగనె ఏళ్ళను అనుమానించిన. అయిదూ మీవే అంకుల్." తర్వాత నా వైపు తిరిగింది. "కాని ఆ ట్యూనరు ముట్టేది గూడ అంకులే."

"ఖాయం" అన్నాను. అంతకంటే మంచి ధర నాకు వచ్చేది కాదు.

క్రిస్మస్ ఉదయం కాకా అయిదు పాటలూ వాయించాడు. నాలుగో పాటలో ఒకచోట పట్టు తప్పి, మరుక్షణం అందుకున్నాడు. బయటికొచ్చాక నేను ఏమీ అడగకముందే చేయి చాచి చూపించాడు.

"నాలుగోదాంట్ల ఇన్నవా? గది తీగెది గాదు, మిషనుది గాదు, నీది గాదు. ఇగో, ఈ ఏలిది" అన్నాడు, ఉంగరపు వేలిని ఎత్తి, బహుమానం వచ్చినట్టు.